సింకు మూల దగ్గరే గట్టు ఎందుకు చీలింది? నేనెక్కి నిలబడినందుకేనా?

కోర్లగుంట_సుధ

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇల్లు కట్టుకుని ఏడు నెలలైంది. వంటగదిలో నల్ల గ్రానైట్ గట్టు వేయించాం, 18 ఎంఎం బండ, అడుగున కడప రాయి. పోయిన ఆదివారం అటక మీదున్న ఇత్తడి గంగాళం తీయడానికి గట్టెక్కి నిలబడ్డాను. స్టవ్ పక్కన, సింకుకు ఐదడుగుల దూరంలో. ఏమీ కాలేదు, టిక్కుమని శబ్దం కూడా రాలేదు. బుధవారం తెల్లారి లేచి చూస్తే సింకు ముందు మూల నుంచి గట్టు అంచు దాకా చీలిక, వెంట్రుకంత సన్నంగా. రాత్రి లేదు. గట్టు తుడిచి పడుకుంది నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను.

ఇంట్లో మాత్రం తీర్పు అయిపోయింది. "మనిషెక్కి తొక్కితే రాయి ఆగుతుందా" అని మా అత్తగారు. మా ఆయన ఎప్పట్లాగే మౌనం. నాకు అర్థం కానిది ఒకటే. పగిలితే నేను నిలబడిన చోట పగలాలి, నిలబడినప్పుడు పగలాలి. మూడు రోజులాగి, ఎవరూ ముట్టని చోట, అర్ధరాత్రి పగలడమేంటి?

వాస్తు_ప్రియుడు

సింకు ఏ మూలన ఉందమ్మా? ఆగ్నేయంలో నీళ్ళు పెడితే ఇలాగే ఉంటుంది. నిప్పూ నీళ్ళూ ఒకే బండ మీద కూర్చోకూడదు. ముందు గుమ్మానికి నిమ్మకాయ కట్టండి, మిగతావి తర్వాత.

కుప్పం_కుర్రోడు

అన్నా, ఆ లెక్కన అపార్ట్‌మెంట్లలో ఒక్క గట్టూ మిగలకూడదు.

సుధక్కా, మా తాత, మా నాయన ఇద్దరూ రాయి పనిలోనే. చూడకుండానే ఒక మాట చెప్తా, తప్పయితే తిట్టు. సింకు కోసం బండ కోసేటప్పుడు మూల దగ్గర బ్లేడు దాటిపోయి ఉంటాది. ఫోటో పెట్టు.

కోర్లగుంట_సుధ

ఫోటో పెట్టాను చూడు తమ్ముడూ. సింకు అంచు చుట్టూ తెల్ల సిలికాన్ పూసేశారు, మూల కనపడటం లేదు. బ్లేడు దాటిపోవడం అంటే ఏంటి?

కుప్పం_కుర్రోడు

చేతిమిషన్ బ్లేడు గుండ్రం కదక్కా. పైన సరిగ్గా మూల గీత దాకా వచ్చి ఆపితే అడుగున ఇంకా తెగకుండా మిగిలే ఉంటాది. అడుగు కూడా తెగాలంటే బ్లేడు పైన గీత దాటి అర అంగుళమో ఇంకాస్తో ముందుకు పోవాల్సిందే. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి అట్లా పోతే మూలలో కూడిక గుర్తు మాదిరి రెండు గాట్లు పడతాయి. మీద సింకు అంచు కూర్చుంటుంది, సిలికాన్ పూస్తారు, పాలిష్ కొడతారు, డబ్బులు తీసుకుని పోతారు. చెడ్డ పని చేశామని వాళ్ళకీ తెలీదు పాపం. టైం లేక అట్లా చేస్తారు.

తెలిసినోళ్ళు ముందు నాలుగు మూలల్లో కోర్ బిట్టుతో బెజ్జాలు వేస్తారు. బెజ్జం నుంచి బెజ్జానికి కోస్తారు. మూల గుండ్రంగా వస్తాది, గాటు పడదు.

క్వారీలో మేము రాయి చీల్చేదీ ఇదే సూత్రం మీద. ఇల్లంత బండ ఉంటాది. దాని మీద గీత కొట్టి, జానెడుకొకటి బెజ్జాలు వేసి, ఇనప చీలలు దిగ్గొడతాము. ఒక్కటే చీలను బలంగా కొట్టేది ఉండదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటి నుంచి ఒక్కో దెబ్బ. మూడు నాలుగు సార్లు తిరిగేటప్పటికి సుత్తి శబ్దం మారతాది. అంతవరకు ఖంగుమన్నది కాస్తా బొంగురు పోతాది. మా తాత అప్పుడు సుత్తి పక్కన పెట్టి బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేలోపల రాయే విడిపోయేది. "కొట్టేది నేను, పగలగొట్టేది అది" అనేవాడు. ఇంత బండకు అంత చిన్న చీల ఎట్లా చాలుతుందో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. ఇక్కడ సార్లెవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు

ముప్పై ఏళ్ళు మెకానికల్ పిల్లలకు ఇదే పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. కుప్పం నాయనా, నీ ప్రశ్నకు జవాబు దొరికి వందేళ్ళు దాటింది. దొరికింది రాయిలో కాదు, గాజులో.

అణువుల మధ్య పట్టును లెక్కగడితే గాజుకు ఎంత బలం ఉండాలో తెలుస్తుంది. తీరా లాగి చూస్తే అందులో నూరో వంతు దగ్గరే తెగిపోతుంది. ఈ తేడా ఎందుకని ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధనశాలలో గ్రిఫిత్ అనే ఇంజనీరు పట్టుకున్నాడు. 1921లో అచ్చయిన వ్యాసం అది. ఆయన గాజును కరిగించి దారాల్లా లాగి ఒక్కోటీ తెంపి చూశాడు. దారం సన్నబడేకొద్దీ బలం పెరిగింది. మిల్లీమీటరు మందం దారంతో పోలిస్తే అతి సన్నటి దారం దాదాపు 20 రెట్లు ఎక్కువ ఓర్చింది. గాజు అదే. మారిందల్లా, అంత సన్నటి దారంలో పెద్ద గాటుకు చోటు లేకపోవడం. మామూలు గాజు మీద కంటికి కనపడని గాట్లు ఎప్పుడూ ఉంటాయి, బలాన్ని తినేసేవి అవే.

గాజు గొట్టాల మీద, బుడ్డీల మీద తనే కొలిచి గాట్లు పెట్టి, లోపల ఒత్తిడి పెంచి పగలగొట్టాడు. గాటు నాలుగు రెట్లు పొడుగైతే బలం సగమవుతుందని తేలింది. గాటు పెరగాలంటే కొత్తగా రెండు ముఖాలు పుట్టాలి, దానికి శక్తి ఖర్చు. పెరిగితే చుట్టూ బిగువుగా ఉన్న భాగం సడలుతుంది, అది ఆదాయం. గాటు చిన్నగా ఉన్నంతకాలం ఖర్చే ఎక్కువ, అందుకే కదలదు. ఒక పొడుగు దాటాక ఆదాయం ఖర్చును మించుతుంది. అక్కడి నుంచి ఎవరూ కొట్టక్కర్లేదు. మీ తాత బీడీ ముట్టించిన ఘడియ అదే నాయనా. ఆయన చెవికి తెలిసింది, గ్రిఫిత్ కాగితం మీద పెట్టాడు.

ఇక సుధమ్మ గట్టు. 1913లో ఇంగ్లిస్ అనే ఆయన పలకలో బెజ్జం ఉంటే దాని కొస దగ్గర బిగువు ఎన్ని రెట్లవుతుందో సూత్రం ఇచ్చాడు. గాటు లోతును కొస వ్యాసార్థంతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, ఒకటి కలపాలి. బ్లేడు మందం 2 ఎంఎం అనుకుందాం, కొస వ్యాసార్థం 1. గాటు 10 ఎంఎం పోయిందనుకుందాం. 10కి వర్గమూలం 3.16, రెట్టింపు 6.3, ఒకటి కలిపితే 7.3. అంటే మిగతా బండలో కిలో బిగువు ఉంటే ఆ కొసన ఏడు కిలోలు. అదే శుభ్రమైన గుండ్రటి బెజ్జమైతే మూడు రెట్లే. బెజ్జం చిన్నదైనా పెద్దదైనా మూడే. సూత్రం కోడిగుడ్డు ఆకారపు బెజ్జానికి చెప్పింది, కాబట్టి మీ గట్టుకు ఇది అందాజే.

పైగా గ్రానైట్‌ను నొక్కితే చదరపు సెంటీమీటరుకు టన్నుకు పైగా మోస్తుంది. లాగితే అందులో పదో వంతు కూడా ఓర్వదు. మీరు నిలబడిన చోట కింద కడప రాయి ఆనుకుని ఉంది, అక్కడ రాయి నలిగిందే తప్ప సాగలేదు. సింకు ముందు మిగిలింది నాలుగంగుళాల పట్టీ, కింద ఆనుడు ఉండదు, మూలలో గాటు. నాకైతే మీరు ఎక్కడం మీద అనుమానం లేదు.

కోర్లగుంట_సుధ

మాస్టారూ, ఈ చివరి పేరా ప్రింట్ తీసి ఫ్రిజ్‌కు అంటించేదా? 😀

కానీ అర్ధరాత్రి సంగతి తేలలేదు. ఏడు నెలలు ఊరుకున్న గాటు ఆ రాత్రే ఎందుకు లేచింది?

ఏర్పేడు_స్టూడెంట్

సార్ చెప్పిన దాని తర్వాతి మెట్టు ఇర్విన్‌ది. 1957లో కె అనే కొలత పెట్టాడు, పగులు కొస ఎంత బిగువుకు లొంగుతుందో చెప్పేది. గాజుకు 0.7, 0.8 ఉంటుంది, గ్రానైట్‌కు 1 నుంచి 2, మామూలు స్టీలుకు 50 పైనే. యూనిట్ మెగాపాస్కల్ రూట్ మీటర్. అంటే గ్రానైట్ టఫ్‌నెస్ పరంగా గాజుకు దగ్గరి చుట్టం, ఇనుముకు కాదు. మేము సబ్జెక్టులో చదివాం గానీ ఇంట్లో గట్టుకు ఎవరూ అప్లై చేయలేదు.

తిరుచానూరు_పద్మ

ఆ రూట్ మీటర్ ఏందో గానీ బాబూ, మాకర్థమయ్యేలా చెప్పు. బంగారు గాజు తలుపు సందులో పడితే వంకర పోతుంది, మట్టి గాజు టప్పున పగులుతుంది. అదేనా నువ్వు చెప్పేది?

రిటైర్డ్_మాస్టారు

అమ్మా, ఇంతకంటే బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. లోహంలో పగులు కొస దగ్గర పదార్థం సాగి, కొసను మొద్దుబారుస్తుంది. మొద్దుబారిన కొసలో బిగువు పోగుపడదు. గాజులో, రాయిలో సాగే గుణం లేదు, కొస ఎప్పుడూ పదునుగానే ఉంటుంది.

సరదాకు ఒకటి చేసి చూడండి. సుద్దముక్కను రెండు చేతులా పట్టుకుని, వంచకుండా, తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. అడ్డంగా విరగదు, మరమేకు మెలిక లాగా ఏటవాలుగా, 45 డిగ్రీల్లో తెగుతుంది. మెలిపెట్టినప్పుడు లాగుడు ఎక్కువగా ఉండేది ఆ దిక్కునే. సుద్ద, రాయి, గాజు అన్నీ లాగుడుకే లొంగుతాయి.

అర్ధరాత్రి సంగతికి వస్తాను, భోజనం చేసి.

లేత్_మావయ్య

చిత్తూరులో లేత్ వర్క్స్ నాది. గ్రానైట్ తెలీదు గానీ ఇనుము సాగుతుంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. బెల్లం సీజన్‌లో గానుగ షాఫ్టులు వస్తాయి నా దగ్గరకు, రెండు ముక్కలై. నా మణికట్టంత లావు షాఫ్టు. రైతు ఏమంటాడు? "నిన్నటిదాకా బాగానే తిరిగింది, ఈ రోజు ఖాళీగా తిరుగుతుంటేనే విరిగింది, ఇనుము డూప్లికేటు". విరిగిన ముఖం కిరోసిన్‌తో కడిగి వెలుతుర్లో చూపిస్తా. ఒక పక్క నున్నగా, అద్దం మాదిరి, చెట్టు మానులో వలయాల్లాగా గీతలు గీతలుగా ఉంటుంది. ఇంకో పక్క గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తా ఉంటుంది. నున్నగా ఉన్నది నెలల నుంచి తెగుతున్న భాగం. గరుకుగా ఉన్నది ఆఖరి రోజు విరిగింది. ఈ రోజు విరిగిందంటాడు గానీ, ముప్పాతిక వంతు పోయిన సీజన్‌లోనే పోయుంటుంది.

ఆ వలయాలు ఎక్కడ మొదలయ్యాయో వెనక్కి వెతుక్కుంటూ పోతే ఎప్పుడూ ఒకటే చోటు. కీ గాడి (చక్రం షాఫ్టు మీద జారకుండా కీ కూర్చునే గాడి) మూల, లేకుంటే లావు షాఫ్టు సన్నం అయ్యే మెట్టు. అక్కడ టూలు నిలువుగా దించేసి వదిలేస్తారు. నేను అక్కడ మూల మిగలకుండా గుండ్రంగా తీస్తా. అందుకు అరగంట ఎక్కువ పడుతుంది, దానికి డబ్బులడిగితే పక్క షాపుకు పోతారు. మళ్ళీ సీజన్‌కు నా దగ్గరకే వస్తారు.

ఏర్పేడు_స్టూడెంట్

మావయ్యా, నువ్వు చెప్పింది ఫెటీగ్. రైలు ఇరుసుల మీద పంతొమ్మిదో శతాబ్దంలోనే జర్మనీలో వోలర్ అనే ఆయన ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి పరీక్ష చేశాడు. ఒక్కసారికి విరగని లోడు లక్షల సార్లు పడితే విరుగుతుందని చూపించాడు.

విమానాల్లో 1954 కామెట్ కేసు అదే. రెండు కొత్త జెట్ విమానాలు మూడు నెలల తేడాలో గాల్లోనే విచ్చిపోయాయి. ఒక విమానం బాడీని పెద్ద నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడి ఎక్కిస్తూ దించుతూ పరీక్ష చేస్తే సుమారు 3,000 ప్రయాణాల లెక్కకు కిటికీ మూల దగ్గర చీలింది. సుధగారి సింకు, కామెట్ కిటికీ ఒకే జాతి!

రిటైర్డ్_మాస్టారు

ఆ తొట్టి పరీక్ష జరిగింది కూడా ఫార్న్‌బరోలోనే, గ్రిఫిత్ గాజు దారాలు తెంపిన ఊళ్ళోనే. ముప్పై ఏళ్ళ ముందు ఆ ఆవరణలోనే చెప్పిన పాఠం!

ఓడలకూ ఈ దెబ్బ తగిలింది. 1943 జనవరిలో అమెరికాలో స్కెనెక్టడీ అనే కొత్త ఆయిల్ ఓడ రేవులో కట్టేసి ఉండగా, అలల్లేని రాత్రి, ఫట్మని నడుం విరిగింది. వెల్డింగ్ తప్పని అందరూ అన్నారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ అసలు స్టీలు సంగతే తేల్చింది. చలి ఒక హద్దు దాటితే ఆ స్టీలు సాగే గుణం మానేసి గాజులా ప్రవర్తిస్తుంది. ఇదివరకు రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక రేకు చివర ఆగిపోయేది. అంతా వెల్డింగ్ చేసి ఒకే ముక్క చేశాక ఆగడానికి చోటు లేదు. అందుకే అంటాను, పగులు ఎక్కడ మొదలైందో తెలిస్తే సరిపోదు. ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి.

సుధమ్మా, ఇక నీ అర్ధరాత్రి. గాజులోనూ రాయిలోనూ సిలికాకు తడి అంటే పడదు. బిగువుగా ఉన్న పగులు కొసలోకి నీటి అణువు దూరితే అక్కడి బంధం తేలిగ్గా తెగుతుంది. ఒక్కో బంధం తెగుతూ పగులు నెలల తరబడి, చప్పుడు లేకుండా పాకుతుంది. అద్దం కోసేవాణ్ణి చూడు, గీత గీసి తడి చేసి వెంటనే విరుస్తాడు. సింకు మూల ఎప్పుడూ తడే. దానికి తోడు వేడి. మీ ఇంట్లో గంజి వారుస్తారా?

కోర్లగుంట_సుధ

మా అత్తగారికి కుక్కర్ అన్నం పడదు. రోజూ గంజి వార్చేది ఆవిడే. సింకులోనే.

రిటైర్డ్_మాస్టారు

ఈ మాట నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు 🙂

పొగలు కక్కే గంజి సింకులో పడితే అంచు చుట్టూ రాయి వేడెక్కి వ్యాకోచిస్తుంది. గట్టు ముందంచు చల్లగానే ఉంటుంది. ఒకటి సాగుదామంటే ఇంకోటి రానివ్వదు, మధ్యలో లాగుడు. రోజుకు రెండు పూటలు, ఏడు నెలలు. గాటు కాస్త కాస్తగా పాకి, గ్రిఫిత్ చెప్పిన ఆ పొడుగుకు చేరింది. రాత్రి చల్లబడి రాయి సంకోచించినప్పుడు చివరి తాపు తగిలి ఉండొచ్చు. గంజే కారణమని నేననను. గాటు లేకపోతే పదేళ్ళు వార్చినా ఏమీ కాదు.

శ్రీకాళహస్తి_చిన్న

ఇదంతా చదువుతుంటే మా గాలిగోపురం గుర్తొస్తోంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26న కూలింది. పగుళ్ళు ముందే కనిపించాయి, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. దుమ్ము లేచి వీధంతా చీకటైపోయింది. మా నాయనమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. అదీ ఈ లెక్కేనా సార్?

రిటైర్డ్_మాస్టారు

చిన్నా, దాన్ని ఈ లెక్కలోకి లాగొద్దు. గట్టు ఒకే రాయి. గోపురంలో ఇటుక, సున్నం, కింద రాతి కట్టు, పునాది, ఐదొందల ఏళ్ళ బరువు, అన్నీ కలిసి ఉన్నాయి. పగుళ్ళు అక్కడ రోగం కంటే రోగ లక్షణం. ఒక్కటి మాత్రం నిజం. పగులు కనిపించగానే ఖాళీ చేయించారు, అది చాలామంది చేయరు.

చంద్రగిరి_ట్రెక్కర్

తిరుమల ఘాట్ రోడ్డులో పడే బండల సంగతి మరి? 2021 నవంబరు వానల తర్వాత డిసెంబర్ 1న రెండో ఘాట్‌లో బండలు పడి రోడ్డు దెబ్బతింది కదా.

కుప్పం_కుర్రోడు

అక్కడ బండ కొత్తగా విరిగింది తక్కువన్నా. కొండంతా ముందే అతుకులతో ఉంటాది. పైన క్వార్ట్‌జైట్ పొరలు పొరలుగా, నిలువు చీలికలతో, పేర్చిన ఇటుకల మాదిరి. వాన నీళ్ళు ఆ సందుల్లో నిండి తోస్తాయి, చెట్ల వేర్లు చీలలు దిగ్గొట్టినట్టు దిగ్గొడతాయి. మేము పొద్దున్నించి సాయంత్రం దాకా చేసేదాన్ని అక్కడ వేరు ఇరవై ఏళ్ళు చేస్తాది.

సుధక్కా, గట్టు సంగతి చెప్పు. సింకు తీయించినావా లేదా?

కోర్లగుంట_సుధ

తీయించా. ఈ రోజే. అందుకే లేటు.

గట్టు వేసినాయన్ని పిలిస్తే రాలేదు. వేరే మేస్త్రి వచ్చాడు. సిలికాన్ బ్లేడుతో గీకి సింకు పైకెత్తాడు. కుప్పం తమ్ముడూ, నువ్వు చెప్పిన కూడిక గుర్తు అచ్చం అలాగే ఉంది! నాలుగు మూలల్లోనూ. స్కేలు పెట్టి కొలిచా, చీలిన మూలలో గాటు 14 ఎంఎం. చీలిక సరిగ్గా ఆ గాటు కొస నుంచే బయల్దేరింది. పసుపు నీళ్ళు వేసి తుడిస్తే (మేస్త్రి చిట్కా, సన్న పగుళ్ళలో రంగు నిలుస్తుందట) పక్క మూలలో కూడా గోరంత పొడుగు పసుపు గీత కనిపించింది. అది ఇంకా అంచు దాకా పోలేదు.

ఇప్పుడేం చేయాలి? బండ మార్చాలంటే మొత్తం స్టవ్ దాకా లేపాలంటున్నాడు.

లేత్_మావయ్య

చీలని మూలలో పసుపు గీత కొస ఎక్కడుందో గుర్తు పెట్టించు. సరిగ్గా కొస మీద 8 ఎంఎం బిట్టుతో బెజ్జం వేయించు. కొస దాటి ఒక పిసరు ముందుకు వేసినా పర్లేదు, వెనక్కి వేస్తే దండగ. కొస గుండ్రమైతే పగులు అక్కడ మొద్దుబారుతుంది. మిషన్ బాడీల్లో మేము చేసేది అదే.

కుప్పం_కుర్రోడు

మావయ్య చెప్పింది రైటు, కాకపోతే రాయికి హ్యామర్ డ్రిల్లు పెట్టొద్దు. డైమండ్ కోర్ బిట్టు, నీళ్ళు పోస్తా నిదానంగా. హ్యామర్ పెడితే ఉన్న పగులు అంచు దాకా పోతాది. మిగతా రెండు మూలల గాట్లు కూడా అదే బిట్టుతో గుండ్రం చేయించు. చీలిపోయిన మూలకు ఎపాక్సీ నింపి, సింకు ముందు పట్టీ కింద ఇనప రాడ్డు గాడి తీసి కూర్చోబెట్టమను. లాగుడు అడుగు పక్కన ఉంటాది, కాబట్టి రాడ్డు అడుగునే. బండ మార్చే పని లేదు, డబ్బులు మిగిలినట్టే.

కోర్లగుంట_సుధ

అలాగే చేయించా. బెజ్జాల్లో నల్ల ఎపాక్సీ నింపాడు, సింకు అంచు కింద కనపడదు. గంజికి వేరే గిన్నె పెట్టాం.

మేస్త్రి ఉండగానే మా అత్తగారిని పిలిచి గాటు చూపించా, పసుపు గీత చూపించా, ఫోన్లో మాస్టారు రాసింది చదివి వినిపించా (గంజి భాగం దాటేశాను). ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, వంగి, గాటులో వేలు పెట్టి తడిమి చూశారు. "అవును, వాడు సరిగా కోయలేదు" అన్నారు. నేను గెలిచాననుకునేలోపే, "అయినా అన్నం వండుకునే గట్టు మీద కాళ్ళు పెట్టి ఎక్కుతారా ఎవరైనా?" అని లోపలికి వెళ్ళిపోయారు.